సముద్రానికి తలుపు తీసిన సైమన్ లేక్

బావి గట్టున కూర్చుని ఖాళీ చెంబును బోర్లించి నీళ్ళలోకి నొక్కి చూడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. నిటారుగా నొక్కితే చెంబులో గాలి ఎటూ పోదు. అడుగున కాగితం ముక్క అంటించి ఉంచితే అది తడవదు కూడా. లోతుకు నొక్కిన కొద్దీ చెంబు చేతిని పైకి తంతూనే ఉంటుంది. కాస్త పక్కకు ఒరిగిందా, గుడగుడమని బుడగలు వదిలి, నీళ్ళు తాగి, చేతిలోంచి జారి అడుగుకు పోతుంది. మా ఇంట్లో ఇత్తడి చెంబు ఒకటి ఇలాగే పోయింది. పాతాళ గరిగె వేసి ఒక పూటంతా వెతికినా దొరకలేదు. ఆ పూట నాకు దక్కిన తిట్లను ఇక్కడ రాయటం బాగుండదు.

ఆ చెంబులో కూర్చుని సముద్రం అడుగుకు వెళ్ళి, పని చేసుకుని, మళ్ళీ క్షేమంగా ఇంటికి రావచ్చునని నమ్మిన మనిషి ఒకడున్నాడు. నమ్మి ఊరుకోలేదు. చెక్కతో, టార్పాలుతో, సోడా కొట్టువాడి డబ్బాతో తన చేతులతోనే ఆ చెంబు కట్టి చూపించాడు. ఆయన పేరు సైమన్ లేక్. జలాంతర్గామి అనగానే మనకు టార్పెడోలు, యుద్ధాలు గుర్తొస్తాయి గానీ ఈయనకు మొదట గుర్తొచ్చినవి ఆల్చిప్పలు.

లేక్ 1866 సెప్టెంబరు 4న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెజెంట్‌విల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రికి కిటికీ తెరలు చుట్టుకునే రోలర్లు చేసే కార్ఖానా, దాంతోపాటు పోతపని షెడ్డు ఉండేవి. కుర్రవాడికి బడి కంటే ఆ షెడ్డే ఎక్కువ పాఠం చెప్పింది. పదీ పదకొండేళ్ళ వయసులో జూల్ వెర్న్ రాసిన సముద్రగర్భ యాత్ర నవల చేతికి దొరికింది. చదివినవాళ్ళు లక్షల్లో ఉంటారు. చదివి, ఇందులో ఫలానా ఏర్పాటు ఇంకా బాగా చెయ్యొచ్చు అనుకున్నవాళ్ళు ఎందరుంటారు? నవలలో నాటిలస్ ఓడలోంచి మనుషులు బయటికి వెళ్ళాలంటే ఒక చిన్న గదిలోకి వెళ్ళి, ఆ గదిని నీళ్ళతో నింపుకుని, అప్పుడు తలుపు తీస్తారు. లేక్ దాన్ని తిరగేశాడు. గదిని నీళ్ళతో నింపటం ఎందుకు, గాలితో నింపితే పోలేదా అన్నది అతని ఆలోచన.

ఈ ఆలోచన ఎంత లోతైనదో లెక్క వేస్తే తెలుస్తుంది. సముద్రపు నీరు ఒక ఘనపుటడుగు సుమారు 64 పౌన్లు తూగుతుంది. 20 అడుగుల లోతులో ఒక చదరపుటడుగు మీద పడే నీటి బరువు 1280 పౌన్లు. ఓడ అడుగున 2 చదరపుటడుగుల తలుపు పెడితే దాన్ని పైకి తోసే బలం టన్ను దాటుతుంది. లోపల మామూలు గాలి ఉంటే ఆ తలుపు కిందికి తెరవటం పదిమంది వస్తాదుల వల్ల కూడా కాదు. అదే లోపలి గాలిని బయటి నీటి ఒత్తిడికి సమానమయ్యేదాకా పంపుతో ఎక్కిస్తే? తలుపు మీద భారమే ఉండదు. గడియ తీస్తే పెరటి తలుపు లాగా తెరుచుకుంటుంది. ఎదురుగా నీటి మట్టం గచ్చు చేసిన నేల లాగా కదలకుండా నిలబడి ఉంటుంది, లోపలికి చుక్క రాదు. గోడకు ఇటూ అటూ ఒత్తిడి ఒకటే కాబట్టి ఆ గది గోడలు ఉక్కుతో చెయ్యనక్కరలేదు. విశాఖ బీచిలో 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కురసుర జలాంతర్గామిని చూసిన మిత్రులకు ఆ ఇనప గొట్టం దిట్టతనం గుర్తుండే ఉంటుంది. ఆ దిట్టతనమంతా బయటి ఒత్తిడిని లోపలికి రానివ్వకుండా కాచుకోవటానికే. లేక్ దారి వేరు. రానివ్వు, సమానం చేసుకో, అప్పుడు చెక్క కూడా చాలు.

ఐతే మన చెంబు చెప్పే రెండో పాఠం ఇంకా మిగిలి ఉంది, తంతుంది గదా! ఇద్దరు మనుషులు ముడుచుకుని కూర్చోటానికి వంద ఘనపుటడుగుల చోటు కావాలనుకుందాం. అది తోసేసే నీరు 6400 పౌన్లు. అంత బరువూ ఓడలో ఉంటే తప్ప అది మునగదు. చెక్క, మనుషులు, పంపు అన్నీ కలిపినా అందులో సగానికి రావు. మిగతాది సీసమో, ఇనుమో, రాళ్ళో, నీళ్ళో మోసుకుపోవాలి. ఓడలవాళ్ళు ఈ ఉత్త బరువుని బ్యాలస్ట్ అంటారు. నీళ్ళలోకి దిగాలంటే ముందు నేలమీద బండెడు బరువు సంపాదించుకోవాలన్నమాట. సొంతంగా జలాంతర్గామి కట్టుకుందామని బయల్దేరిన ప్రతివాడికీ మొదట తగిలే దెబ్బ ఇదే.

మూడో పాఠం మరీ ప్రమాదమైనది. తలుపు తెరిచి ఉన్న ఓడ నీటి మధ్యలో వేలాడుతోందనుకోండి. కాస్త కిందికి జారితే బయటి ఒత్తిడి పెరిగి లోపలి గాలి నలుగుతుంది, నీటిమట్టం గదిలోకి ఎక్కుతుంది. తేలే శక్తి తగ్గుతుంది. తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా నలుగుతుంది. పైకి లేచినా ఇదే గోల, తలకిందులుగా. గాలి ఉబ్బి తలుపులోంచి బుడబుడమని పోతుంది, ఆ తర్వాత మళ్ళీ కిందికి వస్తే లోపల ఆ మేరకు గాలి లేదు. పక్కకు ఒరిగితే సంగతి చెప్పనే అక్కర్లేదు, మా ఇత్తడి చెంబే సాక్షి. మధ్యలో స్థిరంగా నిలబడటం ఈ రకం పడవకు కత్తి మీద సాము.

లేక్ ఈ చిక్కుకి చెప్పిన జవాబు వింటే నవ్వొస్తుంది, తర్వాత ఆలోచిస్తే గౌరవం కలుగుతుంది. మధ్యలో నిలబడటం కష్టమైతే నిలబడటం మానెయ్యి అన్నాడు. ఓడను నీటికంటే కాస్త బరువుగా చేసి సముద్రం అడుగున కూర్చోబెట్టు, కూర్చున్నది నడవాలి గదా, కాబట్టి చక్రాలు పెట్టు. సముద్రగర్భంలో నడిచే బండి! అడుగున కూర్చున్న ఓడ లోతు మారదు, ఒరగదు, గాలి నలగదు. కాస్త బరువు ఎక్కువైతే భూమి మోస్తుంది.

1893లో అమెరికా నౌకాదళం జలాంతర్గామి నమూనాలు పంపమని ప్రకటన ఇచ్చింది. 26 ఏళ్ళ లేక్ తన చక్రాల ఓడ బొమ్మలు గీసి పంపాడు. అప్పటికి అతను చేసిన పేరున్న పనల్లా చిన్న పడవలకు చుక్కాని తిప్పే యంత్రం ఒకటి కనిపెట్టి, చెసపీక్ అఖాతంలో ఆల్చిప్పలు పట్టే పడవలవాళ్ళకు అమ్ముకోవటం. నౌకాదళం మొగ్గు జాన్ హాలండ్ అనే ఆయన వైపు పోయింది. హాలండ్ ఐర్లండ్ నుంచి వచ్చిన బడిపంతులు, లేక్ కంటే పాతికేళ్ళు పెద్ద, ఈ విద్యలో చెయ్యి తిరిగినవాడు. ఆయన ఓడ ఎప్పుడూ నీటికంటే రవంత తేలికగా ఉంటుంది. ఇంజను బలంతో ముక్కు వంచి చేపలా దూకుతుంది, ఇంజను ఆగితే దానంతటదే పైకి వస్తుంది. యుద్ధానికి అది సరైన తీరే. అడుగున కూర్చోటానికి, తలుపు తీసి చేతులు పెట్టటానికి మాత్రం పనికిరాదు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు ఎదురెదురు జవాబులు రాశారు. పరీక్ష పెట్టినవాళ్ళకు కావలసింది హాలండ్ రాసిన జవాబు.

కాంట్రాక్టు పోయింది, చేతిలో డబ్బు లేదు. మనలో చాలామంది ఇక్కడితో కాగితాలు మడిచి ట్రంకు పెట్టెలో పెట్టేస్తాం. లేక్ 1894లో చెక్క తెచ్చుకున్నాడు.

ఆ ఓడ పేరు ఆర్గొనాట్ జూనియర్. పొడవు 14 అడుగులు. రెండు పొరల పైన్ చెక్క, మధ్యన కాన్వాసు గుడ్డ, పైన తారు. చూడటానికి ఇస్త్రీపెట్టెలా ఉండేదట. కింద మూడు చెక్క చక్రాలు, వాటిని లోపలినుంచి చేత్తో తిప్పాలి. గాలి నిలవకు సోడా ఫౌంటెను వాళ్ళు వాడే పాత డబ్బా ఒకటి, అందులోకి గాలి కొట్టటానికి కొళాయిల మేస్త్రీలు వాడే చేతిపంపు. గజ ఈతగాడి దుస్తులు కొనే స్తోమత లేదు గనక అవీ ఇంట్లోనే తయారయ్యాయి. ఇనుము వంచి తలకు చట్రం చేసి, రంగు పూసిన కాన్వాసు కప్పి, పడవ గదికి ఉండే చిన్న గాజు కిటికీ ఒకటి మొహం ముందు బిగించాడు. కాళ్ళకు బరువుగా కట్టుకున్నవి కిటికీ తలుపులు ఎత్తి దించే తాళ్ళకు వేలాడదీసే ఇనప గుళ్ళు. ఓడకే కాదు, మనిషికీ బ్యాలస్ట్ కావాలి మరి.

మొదటిసారి దిగినప్పుడు తోడుగా దగ్గర బంధువు ఒకడు వెళ్ళాడు. నీళ్ళలోకి దిగగానే బోల్టు బిగించటం మరిచిపోయిన కన్నం ఒకటి బయటపడి, సన్నటి ధార లోపలికి కొట్టింది. చెక్క మేకు చెక్కి బిగించి పని సాగించారు. గొప్ప ఆవిష్కరణల చరిత్రలో మరిచిపోయిన బోల్టు ఒకటి ఎక్కడో ఒకచోట ఉంటుంది కాబోలు. వర్క్‌షాపు రికార్డులో మార్కులు పోగొట్టుకున్న మిత్రులు ఊరట పొందవచ్చు.

అడుగుకు చేరాక డబ్బాలోని గాలి వదిలి, చివరనున్న గదిలో ఒత్తిడి పెంచి, తలుపు తీశారు. నీళ్ళు ఆగిపోయాయి! రబ్బరు బూట్లు తొడుక్కుని ఆ తలుపులోంచి ఇసుకలో కాళ్ళు పెట్టి, ఓడను తనతోపాటు తోసుకుంటూ నడవవచ్చు, గుల్లలూ ఆల్చిప్పలూ ఏరుకోవచ్చు. ఇక్కడ బ్యాలస్ట్ నేర్పు గమనించండి. అన్ని టన్నుల నీటిని తోసేసే ఓడను ఒక మనిషి చేతులతో నెట్టగలుగుతున్నాడంటే అది భూమి మీద మోపుతున్న బరువు నామమాత్రం అన్నమాట. మరీ తేలికైతే అల వచ్చి ఎత్తి పడేస్తుంది, మరీ బరువైతే చక్రాలు బురదలో దిగబడతాయి. ఆ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులో ఆయన బతికాడు.

అట్లాంటిక్ హైలాండ్స్ అనే ఊరి దగ్గర జరిగిన ప్రదర్శన గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఊళ్ళోవాళ్ళు ఈ ఇస్త్రీపెట్టెను నమ్మలేదు. మేయరూ, మరికొందరు పెద్దలూ ఒక చెక్కపెంకు మీద తమ పేర్లు రాసి, దానికి బరువు కట్టి నీళ్ళలోకి విసిరారు. లేక్ దిగి, తలుపు తీసి, చెక్కపెంకు తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టాడు. అందులో సంతకాలు వాళ్ళవే. ఆ తర్వాత పెట్టుబడి పెట్టేవాళ్ళు దొరికారు. 1897లో పేటెంటూ వచ్చింది.

పెద్ద ఆర్గొనాట్ అదే సంవత్సరం ఆగస్టులో బాల్టిమోర్‌లో నీళ్ళమీదికి వచ్చింది. 36 అడుగుల ఉక్కు ఓడ, 30 గుర్రాల గ్యాసొలీన్ ఇంజను, ముందు 7 అడుగుల వ్యాసం గల రెండు పళ్ళ చక్రాలు. ఇంజనుకూ మనుషులకూ గాలి పైనుంచి గొట్టం ద్వారా వచ్చేది. చిత్రమేమంటే అదే షిప్‌యార్డులో, అదే నెలలో, హాలండ్ నౌకాదళానికి కడుతున్న ప్లంజర్ కూడా దిగింది. ప్రభుత్వం డబ్బుతో కట్టిన ప్లంజర్ లోపల ఆవిరి బాయిలరు వేడికి మనిషి నిలవలేక మూలబడింది. లేక్ బండి మాత్రం చెసపీక్ అడుగున తాపీగా తిరిగింది.

అది దిగే పద్ధతి ఇంజనీరింగు మిత్రుల కోసం కాస్త వివరంగా చెప్తాను. ఓడలో తాళ్ళకు కట్టిన రెండు పెద్ద బరువులు ఉంటాయి. ముందు వాటిని గిలకల మీద కిందికి వదిలి అడుగున కూర్చోబెడతారు. ఓడ ఇంకా పైనే తేలుతూ ఉంటుంది. అప్పుడు ట్యాంకుల్లోకి నీళ్ళు పట్టి తేలే శక్తిని తగ్గించుకుంటూ వస్తారు, ఆ రెండు బరువుల మొత్తం కంటే కొంచెం తక్కువ మిగిలేదాకా. ఉదాహరణకు బరువులు రెండూ 2000 పౌన్లైతే తేలే శక్తి 1500 దగ్గర ఆపుతారు. ఇక గిలక తిప్పి తాళ్ళు లోపలికి చుడితే బరువులు లేవలేవు గనక ఓడే దిగుతుంది. ఎంత దూరం తిప్పితే అంతే, ఒక్క అంగుళం ఎక్కువ కాదు. గోతిలో పడే భయం లేదు, ముక్కు వంచి దూకే పని లేదు, పళ్ళెంలో నీళ్ళు తొణకకుండా దిగుతుంది. నేల తగిలాక ఇంకొన్ని నీళ్ళు పట్టి చక్రాల మీద బరువు మోపుతారు. ఇసుక గట్టిదైతే ఒక రకం, బురదైతే ఇంకో రకం. ఏదైనా తేడా వస్తే వదిలెయ్యటానికి అడుగున విడిగా బిగించిన ఇనప దుంగ ఒకటి ఉంది. అది పడిపోతే ఓడ చచ్చినట్టు పైకి రావాల్సిందే. ఇంత జాగ్రత్తపరుణ్ణి పిచ్చివాడన్నవాళ్ళు అప్పట్లో లేకపోలేదు.

1898లో ఆర్గొనాట్ నీటి అడుగునుంచి బాల్టిమోర్, వాషింగ్టన్, న్యూయార్కు నగరాలకు టెలిఫోను మాట్లాడారు. అదే సంవత్సరం నవంబరులో ఓడ తన శక్తితోనే తీరం వెంట బయల్దేరి, చాలా ఓడలను బలిగొన్న తుఫానును తట్టుకుని శాండీహుక్ చేరింది. ఫ్రాన్సు నుంచి అభినందనల తంతి వచ్చింది. పంపిన పెద్దమనిషి జూల్ వెర్న్! పదేళ్ళ వయసులో చదివిన పుస్తకం రాసినవాడు ముప్ఫై రెండో ఏట అభినందిస్తే ఆ మనిషికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే.

కథ ఇక్కడ ఆగితే నాకూ బాగుండేది. కానీ ఆల్చిప్పలూ మునిగిన ఓడల సరుకూ ఎత్తే వ్యాపారం ఒక కంపెనీని నిలబెట్టేంత డబ్బు తేలేదు. యుద్ధానికి మాత్రం డబ్బుంది. 1902లో లేక్ బ్రిడ్జ్‌పోర్టులో ప్రొటెక్టర్ కట్టాడు. చక్రాలున్నాయి, కింద తలుపుంది, వాటితోపాటు టార్పెడో గొట్టాలు కూడా ఉన్నాయి. అమెరికా కొనలేదు. 1904లో, జపానుతో యుద్ధంలో ఉన్న రష్యా కొన్నది. తటస్థ దేశం యుద్ధ సామగ్రి అమ్మకూడదు గనక దాన్ని స్టీమరు మీద గుట్టుచప్పుడు కాకుండా దాటించారు. లేక్ వెనకాలే యూరప్ వెళ్ళి కొన్నేళ్ళు అక్కడే గడిపాడు. జర్మనీలో క్రుప్ కంపెనీతో మాటలు సాగాయి గానీ అక్కడ పేటెంటు తీసుకోకపోవటంతో ఆయనకు పైసా ముట్టలేదు. వంగకుండా సమంగా దిగటానికి ఓడ పక్కల రెక్కలు పెట్టటం లాంటి పద్ధతులు మొదటి ప్రపంచ యుద్ధం నాటికి అన్ని దేశాల ఓడల్లోనూ కనిపించాయి. సొంత దేశపు నౌకాదళం లేక్ కట్టిన ఓడను చేర్చుకున్నది 1911 తర్వాతే. ఆ పైన పదేళ్ళు ఆయన కంపెనీ జలాంతర్గాములు కట్టింది, యుద్ధం అయిపోయి ఆర్డర్లు ఆగాక మూతపడింది.

ఇందులో ఆయన తప్పు లేదని నేను అనను. ఆల్చిప్పల కోసం బయల్దేరినవాడు టార్పెడోల దగ్గరకు చేరటంలో ఎవరి బలవంతమూ లేదు, అవసరం ఉంది. ఐతే గమనించదగ్గది ఒకటి. టార్పెడోలు అమ్మినన్నాళ్ళూ తలుపు మాత్రం వదల్లేదు. చేతిలో డబ్బు ఆడిన ప్రతిసారీ మళ్ళీ ఆ తలుపు దగ్గరకే వచ్చాడు. 1931లో హ్యూబర్ట్ విల్కిన్స్ ఉత్తర ధ్రువపు మంచు కిందికి తీసుకెళ్ళిన నాటిలస్, లేక్ కంపెనీ కట్టిన పాత నౌకాదళపు ఓడే. దాన్ని ఆ యాత్రకు తగినట్టు మార్చిన పనిలోనూ ఆయన చెయ్యి ఉంది. మంచు కింద కొద్ది దూరమే పోగలిగింది, యాత్ర విఫలమైంది. మరుసటి ఏడు ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ కట్టాడు. 22 అడుగులు, కింద చక్రాలు, అడుగున తలుపు. అరవై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఆర్గొనాట్ జూనియర్!

1780లో న్యూయార్కు ఈస్ట్ రివర్‌లో మునిగిన హుస్సార్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో బంగారం ఉందన్న మాట పట్టుకుని మిగిలిన డబ్బంతా ఆ నది బురదలో పోశాడు. బంగారం దొరకలేదు. 1930ల చివరికి మిల్‌ఫర్డ్‌లోని సొంత ఇల్లు కూడా అప్పులకింద పోయింది. 1945 జూన్ 23న బ్రిడ్జ్‌పోర్టులో కన్నుమూశాడు. యూరప్‌లో యుద్ధం ముగిసి ఏడు వారాలైంది, పసిఫిక్‌లో ఇంకా జలాంతర్గాములు ఓడలను ముంచుతూనే ఉన్నాయి.

1964లో అమెరికా నౌకాదళం ఒక ఓడకు ఆయన పేరు పెట్టింది. అణు క్షిపణులు మోసే జలాంతర్గాములకు సామగ్రి అందించి మరమ్మతులు చేసే ఓడ అది. ఆ తర్వాత మూడేళ్ళకు, 1967లో, ఎడ్విన్ లింక్, జాన్ పెర్రీ అనే ఇద్దరు డీప్ డైవర్ అనే చిన్న పరిశోధక జలాంతర్గామిని తయారుచేశారు. దాని వెనక గదిలో గాలిని బయటి నీటి ఒత్తిడికి సమానం చేస్తారు, అడుగున ఉన్న తలుపు తీస్తారు, నీళ్ళు గడప దగ్గరే ఆగిపోతాయి, ఈతగాడు కాళ్ళు కిందికి వేసి సముద్రంలోకి జారతాడు.